మీ ఫోన్‌కి అడ్రస్ ఎవరు పెట్టాలి? ఏళ్ల తరబడి నడిచిన ఒక పంచాయితీ

ఈరోజు కథ ఒక నెంబర్‌తో మొదలుపెడదాం. 32621. ఇది 2012లో ఆండ్రాయిడ్ బగ్ ట్రాకర్‌లో పడిన ఒక రిక్వెస్ట్ నెంబర్. అడిగింది పైకి చాలా చిన్న విషయం. ఆండ్రాయిడ్ ఫోన్లలో డీహెచ్‌సీపీవీ6 సపోర్ట్ పెట్టండి అని. విండోస్‌లో ఉంది, మ్యాక్‌లో ఉంది, ఐఫోన్‌లో ఉంది. ఆండ్రాయిడ్‌లో మాత్రం లేదు. గూగుల్ ఏం చెప్పిందో తెలుసా? చెయ్యం అంది. టైమ్ లేక ఆగిపోయింది అనుకోకండి, బాగా ఆలోచించుకునే చెయ్యం అంది.

యూనివర్సిటీల్లో, పెద్ద ఆఫీసుల్లో నెట్‌వర్క్ నడిపేవాళ్ళకి ఈ ఒక్క మాట మీద ఏళ్ల తరబడి ఒళ్ళు మండింది. బయటనుంచి చూస్తే ఇదేదో ఇంజనీర్లు జుట్లు పట్టుకునే గొడవలాగే ఉంటుంది. కానీ లోపల ఉన్న ప్రశ్న మీ జేబులో ఉన్న ఫోన్‌దే. ఇంటర్నెట్‌లో మీ ఫోన్‌కి అడ్రస్ ఎవరు పెట్టాలి? ఎన్ని పెట్టాలి? నెట్‌వర్క్ ఓనర్ చెప్పాలా, ఫోనే చూసుకోవాలా?

ఇది అర్థం కావాలంటే 1980ల్లోకి వెళ్ళాలి. అప్పట్లో కంప్యూటర్‌కి ఐపీ అడ్రస్ అంటే ఒక మనిషి కూర్చుని చేత్తో కొట్టేవాడు. తర్వాత డిస్క్ లేని వర్క్‌స్టేషన్లు వచ్చాయి. వాటిని ఆన్ చేస్తే తమ అడ్రస్ ఏంటో తమకే తెలీదు, గుర్తుపెట్టుకోవడానికి డిస్క్ ఉంటే కదా! వాటికోసం 1984లో రార్ప్ అని ఒకటి, 1985లో బూట్‌పీ అని ఇంకొకటి వచ్చాయి. బూట్‌పీలో సర్వర్ దగ్గర ఒక పట్టిక ఉంటుంది. ఈ మ్యాక్ అడ్రస్ ఉన్న మెషీన్‌కి ఈ ఐపీ అని. మ్యాక్ అడ్రస్ అంటే నెట్‌వర్క్ కార్డుకి కంపెనీ వేసి పంపే 48 బిట్ల నెంబర్. ఆ పట్టిక రాసేది మళ్ళీ మనిషే.

1993లో డీహెచ్‌సీపీ వచ్చింది. రాల్ఫ్ డ్రోమ్స్ అనే కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ దాని స్పెసిఫికేషన్ రాశారు. ఇందులో కొత్త ఐడియా అద్దె. మెషీన్ వచ్చి, ఎవరైనా అడ్రస్ ఇస్తారా అని కేకేస్తుంది. సర్వర్ తన దగ్గరున్న మూటలోంచి ఒకటి తీసి, ఇది నీకు 8 గంటలకి అని ఇస్తుంది. అడ్రస్‌తో పాటు బయటికి దారి చూపించే గేట్‌వే, పేర్లు వెతికే డీఎన్‌ఎస్ సర్వర్ వివరాలు కూడా అదే మూటలో. గడువు అయిపోయిందా, ఆ అడ్రస్ ఇంకొకరికి. ఐపీవీ4లో ఉన్నవే మొత్తం 430 కోట్ల అడ్రస్‌లు. వాటిలో మన ఆఫీసుకి దొరికేది పిడికెడు. ఉన్న నాలుగు కుర్చీల్ని అందరికీ సర్దాలంటే లెక్క రాసుకునే మనిషి ఉండాల్సిందే. డీహెచ్‌సీపీ ఆ లెక్క రాసే మనిషి. ఈ ఎపిసోడ్ వైఫైలో చూస్తుంటే ఇప్పుడు కూడా మీ రౌటర్‌లో అతను పనిచేస్తూనే ఉన్నాడు.

అదే కాలంలో పక్క వీధిలో వేరే కథ నడిచింది. ఆపిల్ వాళ్ళ ఆపిల్‌టాక్‌లో లెక్క రాసే మనిషే లేడు. మ్యాకింటాష్‌కి కేబుల్ తగిలిస్తే అది తనంతట తనే ఒక నెంబర్ అనుకుని, ఇది ఎవరైనా వాడుతున్నారా అని నెట్‌వర్క్‌ని అడిగేది. జవాబు రాకపోతే ఆ నెంబర్ తనదే. నావెల్ వాళ్ళ ఐపీఎక్స్‌లో అయితే ఇంకా సింపుల్, నెట్‌వర్క్ నెంబర్ పక్కన మ్యాక్ అడ్రస్ అతికిస్తే అదే అడ్రస్. చిన్న ఆఫీసుల్లో ఇవి హాయిగా పనిచేశాయి. అడ్మిన్ అనే ఉద్యోగమే అక్కర్లేదు.

మన రైళ్ళు గుర్తు తెచ్చుకోండి. డీహెచ్‌సీపీ రిజర్వేషన్ బోగీ. టీసీ చేతిలో చార్ట్, మీ పేరు, మీ బెర్తు. రెండోది జనరల్ బోగీ. ఎక్కుతారు, ఖాళీ కనిపించిన చోట నిలబడి, ఇక్కడెవరైనా ఉన్నారా అండీ అని అడుగుతారు. ఎవరూ పలక్కపోతే కూర్చుంటారు. మన జనరల్ బోగీలో ఖాళీ సీటు దొరకదు, అది వేరే బాధ. కానీ సీట్లు ఎన్నటికీ నిండని జనరల్ బోగీ ఒకటి ఉందనుకోండి, అప్పుడు చార్ట్ ఎందుకు?

ఐపీవీ6 తయారుచేసినవాళ్ళకి వచ్చిన ఆలోచన సరిగ్గా ఇదే. ఇంటర్నెట్ రూల్స్ రాసే ఐఈటీఎఫ్ నుంచి 1995 డిసెంబర్‌లో ఐపీవీ6 మొదటి స్పెసిఫికేషన్ వచ్చింది. 1996 ఆగస్టులో సుసాన్ థామ్సన్, థామస్ నార్టెన్ కలిసి రాసిన ఆర్‌ఎఫ్‌సీ 1971 వచ్చింది. దాని పద్ధతినే స్లాక్ అంటారు. రౌటర్ ఒక చాటింపు వేస్తుంది, ఈ వీధి పేరు ఇదీ అని. ఆ వీధి పేరునే ప్రిఫిక్స్ అంటారు. మెషీన్ దాని వెనక తన ఇంటి నెంబర్ తనే తగిలించుకుంటుంది. ఆ నెంబర్ ఇంకెవరికైనా ఉందా అని ఒకసారి అడుగుతుంది. అంతే, పని అయిపోయింది. సర్వర్ లేదు, పట్టిక లేదు, అద్దె లేదు. ఒకే లింక్ మీద నాలుగు మెషీన్లున్న చిన్న చోట సర్వరే కాదు, రౌటర్ కూడా లేకపోయినా అవి మాట్లాడుకోగలగాలి అన్నది వాళ్ళు పెట్టుకున్న టార్గెట్.

మొదట్లో ఆ ఇంటి నెంబర్ 48 బిట్లే, అంటే నేరుగా మ్యాక్ అడ్రస్. 1998 నాటికి దాన్ని 64 బిట్లకి పెంచారు. 64 బిట్లు అంటే ఒక్క వీధిలో 1.84 లక్షల కోట్ల ఇంటూ ఇంకో కోటి ఇళ్ళు. ఐపీవీ4 ఇంటర్నెట్ మొత్తాన్ని ఒక వీధిలో పోసినా ఒక మూలకి కూడా రాదు. సీట్లు నిండని జనరల్ బోగీ అన్నాను కదా, ఇదే అది.

ఇక్కడ ఒక న్యాయం చెప్పాలి. ఆ పత్రం డీహెచ్‌సీపీని తిట్టలేదు. ఎవరికి ఏ అడ్రస్ వచ్చినా ఫర్వాలేదు అనుకునే చోట స్లాక్ వాడండి, ఎవరికి ఏది వెళ్ళాలో కచ్చితంగా చెప్పాలనుకునే చోట సర్వర్ పెట్టుకోండి, రెండూ కలిపి కూడా వాడుకోవచ్చు అంది. రౌటర్ చాటింపులో అందుకోసం ఒక చిన్న జెండా కూడా పెట్టారు. జెండా ఎత్తితే, అడ్రస్ కోసం సర్వర్ దగ్గరికి వెళ్ళండి అని అర్థం. కాగితం మీద ఇద్దరికీ చోటుంది. గొడవ తెచ్చింది టైమింగ్. స్లాక్ 1996లో వస్తే, డీహెచ్‌సీపీవీ6 స్పెసిఫికేషన్ బయటికొచ్చేసరికి 2003 జూలై. ఏడేళ్ళు! ఈలోగా ఐపీవీ6 నేర్చుకున్న ఆపరేటింగ్ సిస్టమ్‌లన్నీ స్లాక్‌తోనే అక్షరాభ్యాసం చేశాయి.

తీరా రెండూ వచ్చాక చూస్తే దేనికదే సగం. స్లాక్ అడ్రస్ ఇస్తుంది, దారి చూపిస్తుంది, కానీ డీఎన్‌ఎస్ సర్వర్ ఎవరో చెప్పదు. డీఎన్‌ఎస్ లేకపోతే యూట్యూబ్ అని కొట్టినా ఎటు వెళ్ళాలో ఫోన్‌కి తెలీదు. డీహెచ్‌సీపీవీ6 అడ్రస్ ఇస్తుంది, డీఎన్‌ఎస్ చెప్తుంది, కానీ గేట్‌వే చెప్పదు. దారి కావాలంటే మళ్ళీ రౌటర్ చాటింపే వినాలి. ఒకరి ఇంట్లో అన్నం, ఇంకొకరి ఇంట్లో కూర. ఐపీవీ4లో ఒక్క డీహెచ్‌సీపీతో హాయిగా బతికిన అడ్మిన్‌ని, ఇకనుంచి రెండూ నడుపు అన్నారు. నేను నెట్‌వర్క్ టీమ్ పక్క సీట్లో కూర్చుని సాఫ్ట్‌వేర్ రాసిన రెండేళ్ళలో ఐపీవీ6 అనగానే వాళ్ళ మొహం ఎందుకు చిట్లేదో ఈ చరిత్ర చదివాకే నాకు తెలిసింది.

స్లాక్ వైపు డీఎన్‌ఎస్ లోటు 2007లో ప్రయోగంగా, 2010లో పక్కా స్టాండర్డ్‌గా తీర్చారు. రౌటర్ చాటింపులోనే డీఎన్‌ఎస్ పేరు కూడా చెప్పొచ్చు అన్నారు. ఆండ్రాయిడ్ దాన్ని 2014లో వచ్చిన లాలీపాప్‌లో నేర్చుకుంది. విండోస్ నేర్చుకుంది 2017లో. అంటే మధ్యలో చూడండి, విండోస్‌కి డీఎన్‌ఎస్ కోసం డీహెచ్‌సీపీవీ6 కావాలి, ఆండ్రాయిడ్ దాని మొహం చూడదు. ఒకే క్లాస్‌రూమ్‌లో ల్యాప్‌టాప్‌కి ఒక భాష, ఫోన్‌కి ఇంకో భాష.

ఇప్పుడు ప్రైవసీ సంగతి. స్లాక్ మొదటి రూపంలో ఇంటి నెంబర్ మ్యాక్ అడ్రస్ నుంచే వచ్చేది అన్నాను కదా. 64 బిట్లకి సరిపోవడానికి మధ్యలో ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌ఈ అని నాలుగు అక్షరాలు దూర్చేవాళ్ళు. ఇందులో తిరకాసు ఏంటంటే, మీరు ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంట్లోంచి ఆఫీసుకి, ఆఫీసులోంచి ఇంకో ఊరికి వెళ్ళినా, వీధి పేరు మారుతుంది కానీ ఇంటి నెంబర్ మారదు. మీరు వెళ్ళిన ప్రతి వెబ్‌సైట్ ఆ తోక చూసి, ఆ, మళ్ళీ వీడే అని గుర్తుపట్టొచ్చు. కుకీలు డిలీట్ చేసినా లాభం లేదు. 1999లో దీనిమీద పెద్ద అలజడి రేగింది. అదే ఏడాది ఇంటెల్ పెంటియం 3 ప్రాసెసర్‌లో సీరియల్ నెంబర్ పెట్టిందని కూడా గొడవ జరుగుతోంది, జనం అసలే అనుమానంగా ఉన్నారు. ఐపీవీ6 పెద్దలు స్టీవ్ డీరింగ్, బాబ్ హిండెన్ వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. 2001 జనవరిలో దానికి మందు వచ్చింది. మెషీన్ ఇంటి నెంబర్‌ని తనే రాండమ్‌గా తయారు చేసుకుని, డిఫాల్ట్‌గా రోజుకొకటి మారుస్తుంది. పాతది కొన్నాళ్ళు పక్కన బతికే ఉంటుంది, నడుస్తున్న కనెక్షన్లు తెగకుండా.

మనకి మంచిదే. అడ్మిన్‌కి తలనొప్పి. అతని వైపు నిలబడి ఆలోచించండి. క్యాంపస్‌లో వేలమంది. ఒకరోజు పోలీసుల నుంచో, ఏదో కంపెనీ నుంచో ఒక లెటర్ వస్తుంది. మూడు వారాల కింద ఫలానా టైమ్‌కి ఫలానా అడ్రస్ ఎవరిది అని. డీహెచ్‌సీపీ ఉంటే లాగ్ తెరిచి ఒక్క లైన్ చూస్తే సరి. స్లాక్ ఉంటే ఎవరూ అతన్ని అడగలేదు, ఎవరూ అతనికి చెప్పలేదు. ఒక్కో ఫోన్‌కి నాలుగైదు అడ్రస్‌లు, రేపు ఇంకోటి. రౌటర్‌ల దగ్గర ఎవరు కనిపించారో నిమిషనిమిషానికీ రాసుకునే ఇంకో సిస్టమ్ కట్టుకోవాలి. కట్టొచ్చు, కానీ ఎవరి డబ్బుతో? మన దేశంలో అయితే 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు లాగ్‌లు 180 రోజులు దాచాలి. మా హాస్టల్‌లో ల్యాప్‌టాప్ మ్యాక్ అడ్రస్ కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇస్తే తప్ప నెట్ వచ్చేది కాదు. చిరాగ్గా ఉండేది, కానీ ఆ కాగితం వెనకున్న భయం ఇదే.

సరే, మరి ఆండ్రాయిడ్ వైపు వాదన ఏంటి? దాన్ని ముందుండి నడిపింది గూగుల్ ఇంజనీర్ లొరెంజో కొలిట్టి. ఆయన మాటల సారం ఇది. డీహెచ్‌సీపీవీ6తో నెట్‌వర్క్ ఫోన్‌కి ఎన్ని అడ్రస్‌లైనా ఇవ్వొచ్చు, నిజమే. కానీ ఐపీవీ4 అలవాటుతో అడ్మిన్ ఇచ్చేది ఒక్కటే. ఒక్క అడ్రస్ ఉన్న ఫోన్ ఏం చెయ్యాలి? మీరు హాట్‌స్పాట్ ఆన్ చేసి ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌కి నెట్ ఇస్తే, ఆ ల్యాప్‌టాప్‌కి అడ్రస్ ఎక్కడిది? ఐపీవీ4 మాత్రమే తెలిసిన పాత యాప్‌ని ఐపీవీ6 నెట్‌వర్క్ మీద నడపాలంటే 464ఎక్స్‌లాట్ అనే అనువాదకుడు ఫోన్‌లో ఉంటాడు, అతనికీ ఒక సొంత అడ్రస్ కావాలి. ఒక్కటే ఉంటే మిగిలిన దారి నాట్. అంటే ఇంట్లో పదిమంది ఉన్నా బయట ఒక్క పేరుతోనే బతకడం. ఐపీవీ4లో అడ్రస్‌లు లేక నాట్‌తో సర్దుకున్నాం, ఇన్ని కోట్ల కోట్ల అడ్రస్‌లు పెట్టుకుని ఐపీవీ6లో కూడా అదే ఖర్మ ఎందుకు?

ఆయనకి ఈ ధైర్యం ఇచ్చింది మొబైల్ నెట్‌వర్క్‌లే అని నా అంచనా. ఇక్కడే మన కథ కలుస్తుంది. 2002లో ఐఈటీఎఫ్ వాళ్ళు సెల్‌ఫోన్ స్టాండర్డ్‌లు రాసే 3జీపీపీకి ఒక సలహా పత్రం పంపారు. ప్రతి కనెక్షన్‌కి తనదైన ప్రిఫిక్స్ ఇవ్వండి, దాన్ని ఇంకొకరితో పంచకండి, లోపల ఫోన్ ఎన్ని అడ్రస్‌లు కావాలంటే అన్ని, రాండమ్‌వి కూడా చేసుకోనివ్వండి అని. వాళ్ళు విన్నారు. అందుకే మీ సిమ్ డేటా ఆన్ చేయగానే మీ ఫోన్‌కి ఒక్క ఇంటి నెంబర్ రాదు, ఏకంగా ఒక వీధి మొత్తం వస్తుంది. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది, మొదట్నించీ ఐపీవీ6తో. ఐపీవీ6 వాడకంలో ఇండియా ప్రపంచంలో ముందు వరుసలోకి దూసుకెళ్ళింది. విజయవాడ బస్టాండ్‌లో కూర్చుని మీరు హాట్‌స్పాట్ పెడితే, మీ వీధిలోంచి మీ ఫ్రెండ్‌కి ఒక ఇల్లు వెళ్తుంది, ఎవరి పర్మిషన్ అక్కర్లేకుండా. చేతిలో అంత వీధి ఉండటం అలవాటైన ఫోన్‌ని కాలేజీ వైఫైకి తీసుకొచ్చి, నీకు ఒక్క గది అంటే అది ఒప్పుకోలేదు. వాదన మొత్తం ఇదే.

2016 జూలైలో ఈ వాదన ఆర్‌ఎఫ్‌సీ 7934గా అచ్చయింది. రాసినవాళ్ళలో కొలిట్టితో పాటు ఇంటర్నెట్ పితామహుల్లో ఒకరైన వింట్ సెర్ఫ్, ఆపిల్ ఇంజనీర్ స్టూవర్ట్ చెషైర్ ఉన్నారు. తమాషా ఏంటంటే ఆపిల్ ఫోన్లు డీహెచ్‌సీపీవీ6కి సపోర్ట్ ఇస్తూనే ఉన్నాయి.

నా అభిప్రాయం అడిగితే, ఎన్ని అడ్రస్‌లు అన్న విషయంలో కొలిట్టి కరెక్ట్. ఒక్కటే చాలు అన్న రోజు నుంచే నాట్ మొదలవుతుంది. కానీ దాన్ని గెలిపించిన తీరు నాకు నచ్చలేదు. ప్రపంచంలో అత్యధిక ఫోన్లలో ఉన్న ఓఎస్ ఒక ఫీచర్ ఇవ్వను అంటే అది ఇక వాదన కాదు, తీర్పు. పైగా చూడండి, డీహెచ్‌సీపీవీ6 మాత్రమే నడిపిన క్యాంపస్‌లో ఆండ్రాయిడ్ ఫోన్‌కి ఐపీవీ6 రాదు. అది ఏం చేస్తుంది? ఐపీవీ4 మీదకి పోతుంది, నాట్ వెనక. దేన్నుంచి కాపాడాలనుకున్నారో సరిగ్గా అందులోకే తోసినట్టయింది. అడ్మిన్‌ల వాదన కూడా మెల్లగా బలం కోల్పోయింది, దానికి కారణం మాత్రం స్లాక్ కాదు. 2019లో ఆండ్రాయిడ్ 10, 2020లో ఐఓఎస్ 14 వచ్చాక ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో దొంగ మ్యాక్ అడ్రస్ చూపించడం మొదలుపెట్టాయి. ఇక లాగ్‌లో ఒక్క లైన్ దొరికినా అందులో ఉన్న మ్యాక్ ఎవరిదో తెలీదు. మనిషి ఎవరో తెలియాలంటే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ పెట్టాల్సిందే. అది ఉంటే అడ్రస్ ఎవరు పెట్టినా పట్టుకోవచ్చు.

చివరికి రాజీ ఎక్కడ కుదిరిందో చెప్తే నవ్వొస్తుంది. డీహెచ్‌సీపీవీ6లోనే! అందులో ప్రిఫిక్స్ డెలిగేషన్ అని ఒక పాత సౌకర్యం ఉంది. మీ ఇంటి రౌటర్‌కి ఇంటర్నెట్ కంపెనీ వీధుల కట్ట ఇచ్చేది దాంతోనే. దాన్ని నేరుగా ఫోన్లకి వాడదాం అని 2024 అక్టోబర్‌లో ఆర్‌ఎఫ్‌సీ 9663 వచ్చింది. రాసిన ముగ్గురిలో మొదటి పేరు లొరెంజో కొలిట్టి. మన రైలు భాషలో చెప్తే, టీసీ మీకు బెర్తు ఇవ్వడు, బోగీ మొత్తం రాసిస్తాడు. ఏ బోగీ ఎవరిదో అతని చార్ట్‌లో ఒకే ఒక్క లైన్. లోపల మీరు ఏ సీట్లో కూర్చున్నారో, రోజుకి ఎన్నిసార్లు మారారో అతనికి అనవసరం. అడ్మిన్‌కి లాగ్ దొరికింది, ఫోన్‌కి లెక్కలేనన్ని అడ్రస్‌లు దొరికాయి. 2025లో ఆండ్రాయిడ్‌కి ఈ సపోర్ట్ వచ్చింది. 2012లో అడిగిన ఆ ఒక్కొక్క అడ్రస్ ఇచ్చే పద్ధతి మాత్రం గూగుల్ ఒప్పుకోలేదు.

దీనికి బిల్లు లేదనుకోకండి. ఒక సంస్థకి మామూలుగా వచ్చే స్లాష్ 48 కట్టలో 65,536 వీధులుంటాయి. 20 వేలమంది విద్యార్థులు, తలా మూడు డివైజ్‌లు అనుకుంటే అక్కడికే 60 వేలు. పెద్ద యూనివర్సిటీ ఇంకో కట్ట అడగాల్సిందే. ఇళ్ళల్లో అయితే కొన్ని కంపెనీలు కస్టమర్‌కి ఒకే ఒక్క వీధి ఇచ్చి ఊరుకుంటాయి. అక్కడ ఫోన్‌కి పంచడానికి ఏముంటుంది? కాబట్టి స్లాక్ ఎక్కడికీ పోవట్లేదు.

మీరే చూసుకోవచ్చు. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌లోకి వెళ్ళి ఐపీ అడ్రస్ దగ్గర ఆగండి. కొన్ని ఫోన్లలో అది స్టేటస్ లోపల ఉంటుంది. ఎఫ్‌ఈ80తో మొదలయ్యేది మీ వీధి దాటని అడ్రస్. 2తో మొదలయ్యే పొడుగాటివి బయటి ప్రపంచానివి, అవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఒకసారి సిమ్ డేటా మీద, ఒకసారి కాలేజీ లేదా ఆఫీసు వైఫై మీద. వైఫైలో చుక్కల ఐపీవీ4 ఒక్కటే కనిపిస్తే పక్కన ఐఫోన్ ఉన్నవాళ్ళని అదే వైఫైలో చూడమనండి. వాళ్ళకి కూడా రాకపోతే మీ వాళ్ళు ఐపీవీ6 ఇంకా పెట్టనే లేదు. వాళ్ళకి వచ్చి మీకు రాలేదంటే మాత్రం, చాలావరకు మీ నెట్‌వర్క్ టీమ్ ఆ రౌటర్ జెండా ఎత్తి, మీ ఫోన్ దాన్ని చూడనట్టు వదిలేసిందన్నమాట. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.